రైలమ్మాయి

లాప్‌టాప్ కొనేటప్పుడు లోకంలో అందరూ రంగు చూస్తారు, బరువు చూస్తారు. మా ఆయన దాన్ని బోర్లా తిప్పి, లోపల వైఫై చిప్పు ఏ రకమో ఆరా తీస్తారు. విండోస్ బదులు ఆయన వాడే లినక్స్‌తో పడని చిప్పయితే ఆ యంత్రం మా గడప తొక్కడానికి వీల్లేదు. మెరిసే పల్చటి లాప్‌టాప్‌లంటే ఆయనకు ఒళ్ళుమంట. విప్పడానికి మరలుండవు, మెమరీ మార్చడానికి దారుండదు, మూత వేసి పడుకోబెడితే మళ్ళీ లేస్తాయన్న నమ్మకం లేదు అంటారు. అదే ఏ ఆఫీసో వదిలించుకున్న ఇటుకంత లావు పాతది దొరికిందనుకోండి, చంకన పెట్టుకుని ఇంటికొచ్చి, "ఈ కీబోర్డు మీద ఒక్కసారి వేళ్ళు పెట్టి చూడు" అని నా వెంట పడతారు. నేను వంట చేసుకోవాలా, ఆయన తెచ్చిన కీబోర్డులు నొక్కుతూ కూర్చోవాలా?

అభిప్రాయాలు ఇంకా చాలా ఉన్నాయి. ప్రింటర్లు మనిషిని ఏడిపించడానికే పుట్టాయని ఒకటి. గ్రాఫిక్స్ కార్డుకు, దాన్ని నడిపే డ్రైవరు ప్రోగ్రాము దొరికాకే దాన్ని కొనాలి తప్ప, ముందు ముందు దొరుకుతుందని ఆశపడి కొనకూడదని ఇంకొకటి. మన వస్తువు ఎవరి కంప్యూటర్లోనో దాచుకోవడమంటే ఇంటి తాళాలు దారిన పోయేవాడి చేతిలో పెట్టడమేనన్నది అన్నిటికన్నా గట్టిది. ఆ చివరిది కాస్త గుర్తుపెట్టుకోండి.

ఆయన ఉద్యోగం వానల లెక్కలు కట్టే సంస్థలో. ఎక్కడ ఎంత వాన పడుతుందో, ఏ ఏరు పొంగుతుందో ముందుగా తేల్చాలంటే ఒక్క కంప్యూటరు చాలదట. వందల కంప్యూటర్లను తీగలతో కలిపి, ఒకే పనిని అన్నిటికీ పంచి చేయిస్తారు. దాన్ని క్లస్టర్ అంటారు. అవన్నీ ఉన్న హాలు బాగోగులు చూసేది ఈయనే. అక్కడ పగలంతా చేసింది చాలక, ఇంట్లో సామాన్ల గదిలో కూడా ఒక చిన్న క్లస్టర్ పెట్టారు. పోగేసిన పాత లాప్‌టాప్‌లన్నిటినీ చెక్క అరల్లో నిలబెట్టి, నీలం తీగలతో కలిపి, ఒక్కోదానికి ఒక్కో పేరు పెట్టారు. తాతయ్య, పెదనాన్న, బాబాయ్, పిన్ని, మేనత్త. అందరికీ పనులు పురమాయించేది తాతయ్య. పొద్దున్నే కాఫీ తాగుతూ, "బాబాయ్‌కి ఒళ్ళు కాలిపోతోంది, పిన్ని ఎంత లేపినా లేవట్లేదు" అంటుంటే, సిలిండరు తెచ్చిన మనిషి నిజమనుకుని, "మరి డాక్టరుకి చూపించారాండీ?" అని అడిగాడు పాపం. వానాకాలంలో ఆ గదిలో తడిబట్టలు ఇట్టే ఆరేవి. మీ చుట్టాల వల్ల నాకు కలిగిన లాభం అదొక్కటేనని దెప్పుతుండేదాన్ని.

ఇక నా సంగతి. నేను ఒక ప్రచురణ సంస్థకు ఇంట్లోనే కూర్చుని ప్రూఫులు దిద్దుతాను. నాకు ముక్కుమీద కోపం. అదంతా మా ఆయన వాటాకే వచ్చింది. మా అత్తయ్య మీద మాత్రం ఒక్కనాడూ గొంతు లేపలేదు. అంత మంచిదాన్నని కాదు. ఆవిడకు చూపు పోయింది. కళ్ళున్నవాళ్ళను కసిరితే మన మొహం చూసి, అది ఉత్తుత్తి కోపమో నిజం కోపమో పోల్చుకుంటారు. ఆవిడకు నేనంటే నా గొంతే, ఇంకేమీ లేదు. అందుకే ఆవిడ గదిలో అడుగుపెట్టగానే నా గొంతు దానంతటదే మెత్తబడేది. మా ఆయనను కసిరేది కూడా ఆవిడ చెవిన పడనంత దూరంలోనే. "గుమ్మానికి అవతల ఒక మనిషి, ఇవతల ఒక మనిషి" అని మా ఆయన వేళాకోళం చేసేవారు.

రోజూ మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆవిడకు నవల చదివి వినిపించేదాన్ని. ఆవిడ మంచం మీద గోడకు చేరగిలబడేవారు, నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చునేదాన్ని. "ఆ పిల్లకి బుద్ధిలేదే అమ్మాయ్, చూసి చూసి వాణ్ణెలా నమ్మింది?" అని ఆవిడ పాత్రలను తిట్టేవారు. నేను అచ్చుతప్పులు వదిలేసిన వాళ్ళను తిట్టేదాన్ని. అలా ఇద్దరం కలిసి ఎవరో ఒకరిని ఆడిపోసుకుంటే తప్ప మాకు తిన్నది అరిగేది కాదు.

మొదట గొంతు బొంగురుపోయింది. జలుబనుకున్నాం. కషాయాలు తాగాను, పుక్కిలించాను, మాట్లాడకుండా ఉండమంటే ఉండలేక మా ఆయన మీద గుసగుసగా అరిచాను. చివరికి గొంతు డాక్టరు లోపలికి గొట్టం వేసి చూసి, స్వరపేటిక మీద గడ్డ ఉందని, అది మంచి గడ్డ కాదని చెప్పారు. ముందు కరెంటు పెట్టి చూద్దాం, లొంగకపోతే స్వరపేటిక మొత్తం తీసెయ్యాలి అన్నారు. ప్రాణానికి ఢోకా లేదని రెండుసార్లు చెప్పారు.

"మరి మా అత్తయ్యతో ఎలా మాట్లాడాలండీ?" అని అడిగాను.

"కాయితం మీద రాసి చూపించొచ్చమ్మా, చాలామంది అలాగే చేస్తారు" అన్నారాయన.

ఆయనను అని ఏం లాభం? చూపులేని మనిషికీ గొంతులేని మనిషికీ మధ్య ఏ కాగితం పనికొస్తుంది? పగలంతా ఇంట్లో ఉండేది మేమిద్దరమే. ఆవిడ మంచినీళ్ళడిగితే, తెస్తున్నాను అని కూడా చెప్పలేకపోతే, ఆవిడ ఆ చీకట్లో ఎవరున్నారనుకోవాలి?

ఆస్పత్రి నుంచి ఇంటికి రాగానే మా ఆయన సామాన్ల గదిలో దూరి తలుపేసుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఈ మనిషికి ఇలాంటప్పుడు కూడా ఆ చుట్టాలే కావలసొచ్చారా అనుకున్నాను. సాయంత్రం టీ వేళకు బయటికి వచ్చి, "నీ గొంతు నేను దాచిపెడతాను" అన్నారు.

విషయమేమిటంటే, ఉన్న గొంతు ఉండగానే నా చేత వీలైనంత చదివించి రికార్డు చేస్తారు. ఆ చుట్టాలందరూ కలిసి దాన్ని విని విని నా గొంతు నేర్చుకుంటారు. ఆ తర్వాత నేను ఫోన్లో ఏది టైపు చేస్తే అది నా గొంతుతోనే పలుకుతుంది. ఆ పని చేసిపెట్టే కంపెనీలు లేకపోలేదు. కానీ ఈయనకు ఆ అభిప్రాయం ఒకటుందిగా. "నీ గొంతు తీసుకెళ్ళి ముక్కూమొహం తెలియనివాడి చేతిలో పెట్టమంటావా?" అన్నారు. నాకూ అది నచ్చలేదు, వద్దన్నాను. కాబట్టి ఆ పాపంలో నాకూ వాటా ఉంది.

రికార్డింగు అత్తయ్య గదిలోనే చేయాలని పట్టుబట్టాను. ఆవిడ ఎదురుగా ఉంటేనే నా గొంతు మనిషి గొంతులా ఉంటుంది. మెడ దగ్గర తీగలేని చిన్న మైకు తగిలించుకుని, ఆయన తయారుచేసిచ్చిన వాక్యాలు ఆవిడకు చెబుతున్నట్టే చదివేదాన్ని. "రేపు వాన పడవచ్చు. తలుపు వేసి ఉందా? మీకు దుప్పటి కావాలా?" ఆవిడ అన్నిటికీ జవాబులు చెప్పేవారు. "వాన పడితే పడనీ. దుప్పటి వద్దు, ఉక్కగా ఉంది." ఆయన తల పట్టుకుని, "అమ్మా, నువ్వు మాట్లాడకూడదే" అనేవారు. "అడిగితే చెప్పొద్దూ?" అని ఆవిడ నవ్వేవారు. ఆ గొంతు గడ్డ సంగతి తెలిసినప్పటినుంచీ మేం ముగ్గురం కలిసి నవ్వింది ఆ గదిలోనే.

మైకుతో మాత్రం తల ప్రాణం తోకకొచ్చింది. ఇవాళ పనిచేసింది రేపు పనిచేయదు. ఒక రోజు నా గొంతు బదులు లాప్‌టాప్ ఫ్యాను చప్పుడు ఎక్కింది. ఇంకో రోజు అప్‌డేట్ చేయగానే అసలు మైకే కనబడటం లేదంది. అన్నీ సరిగ్గా ఉన్నాయనుకుంటే మధ్యలో ఎక్కడో గరగరమని మొదలయ్యేది. ఒక పేజీ అంతా ఓపిక తెచ్చుకుని చదివాక ఆయన తెరకేసి చూసి మొహం వేలాడేసేవారు. ఇంక నాకు పూనకమే. అత్తయ్య ముందు కసరలేను గనక, గుమ్మం దాటి, తలుపు మూసి, వరండా చివరికంటా నడిచి, అక్కడ అందుకునేదాన్ని.

"నిన్న బాగానే ఉందిగా! ఎవరు అప్‌డేట్ చెయ్యమన్నారు మిమ్మల్ని? ఉన్నదాన్ని ఉన్నట్టు ఉండనివ్వరా?"

"ఇప్పుడైనా వినిపిస్తోందా దానికి? లేకపోతే దాని చెవిలో దూరి అరవమంటారా?"

మెడకున్న మైకు అదంతా కూడా ఎక్కించుకునేది. ఆయన బాగా వచ్చినంతవరకు మంచివాటిలో కలిపి, మైకు మొరాయించిన చోటునుంచి ఉన్న పాడైన ముక్కలను పారేయకుండా విడిగా తీసి, ఆఫీసుకు పట్టుకెళ్ళేవారు. లినక్స్ వాళ్ళకు అదొక జబ్బు. వస్తువు మొరాయిస్తే మనలాగా నెత్తిన ఒకటి మొట్టి ఊరుకోరు. ఎక్కడ మొరాయించింది, ఎలా మొరాయించింది, ఆధారాలతో సహా పోగుచేసి, ఆ డ్రైవరు రాసిన మనిషి ఏ దేశంలో ఉన్నా సరే వెతికి పట్టుకుని పంపిస్తారు. నా తిట్లు అలా ఆధారాలయ్యాయి.

మొత్తానికి రికార్డింగు పూర్తయింది. కరెంటు పెట్టడం మొదలుపెట్టారు, గొంతు ఇంకా పాడైపోయింది, గడ్డ మాత్రం లొంగలేదు. ఆపరేషన్ ఖాయం చేశారు. ఇప్పుడు చెప్పబోయేది అర్థం కావాలంటే ఆయన ఆఫీసు పద్ధతి ఒకటి తెలియాలి.

వాళ్ళ క్లస్టర్లో స్క్రాచ్ అని ఒక చోటుంటుంది. చాలా వేగమైన డిస్కులు. పని జరుగుతున్నంతసేపు సామాను పరుచుకోవడానికి తప్ప అక్కడ ఏదీ దాచుకోకూడదు. శాస్త్రవేత్తలు ఊరుకుంటారా, అడ్డమైనవన్నీ తెచ్చి అక్కడే పడేసేవారు. అందుకని, పాత తేదీ ఉన్న ఫైలు ఏది కనబడినా ఊడ్చిపారేసే ప్రోగ్రాము ఒకటి రాశారు. అది రోజూ దానంతటదే నడుస్తుంది. రాసింది మా ఆయనే. ఇంట్లో చుట్టాలకు కూడా అదే పద్ధతి పెట్టారు, స్క్రాచ్‌తో సహా, ఊడ్చే ప్రోగ్రాముతో సహా. ఇంట్లో ఉన్నది ఒక్కరే కదా, ఎవరి కోసం ఊడ్చడం అంటే, పద్ధతి పద్ధతే అంటారు.

నేను ఆస్పత్రిలో చేరే రోజు పొద్దున్నే ఆయన రికార్డింగులన్నీ అవి చేసిన లాప్‌టాప్ నుంచి ఇంట్లో చుట్టాల స్క్రాచ్‌లోకి ఎక్కించారు. మామూలుగా కాపీ చేస్తే ఫైళ్ళ మీద ఆ రోజు తేదీయే పడేది. ఆయన అలా చేయలేదు. నా గొంతు రోజురోజుకీ తగ్గుతూ వచ్చింది కదా, మొదట చదివినవే అన్నిటికన్నా బాగున్నాయి. ఏ రోజు గొంతు ఏదో చుట్టాలకు తెలియాలని, పాత తేదీలు చెక్కుచెదరకుండా ఎక్కించారు. ఒకటికి రెండుసార్లు సరిచూసుకున్నారు. సరిచూసుకున్నాకే ఆ లాప్‌టాప్‌ను శుభ్రంగా చెరిపి, మేనమామ అని పేరు పెట్టి, దాన్ని కూడా మిగతావాళ్ళ పక్కన నిలబెట్టారు. ఇంకొక చెయ్యి సాయముంటే నేను ఇంటికొచ్చేసరికి గొంతు సిద్ధమైపోతుందని ఆయన ఆశ. రోజూ నకళ్ళు తీసి దాచే బ్యాకప్ కూడా స్క్రాచ్ జోలికి పోదు, అదీ పద్ధతే. పని మొదలుపెట్టి, నా సంచి పట్టుకుని ఆస్పత్రికి బయల్దేరారు.

ఊడ్చే ప్రోగ్రాము వేళకు లేచింది. చూస్తే అన్నీ పాత తేదీలే. మామూలు మనిషి చేసే తప్పు కాదిది. ఈ తప్పు చేయాలంటే మా ఆయనంత జాగ్రత్త ఉండాలి.

ఆపరేషన్ అయి నేను ఇంటికొచ్చిన రోజు ఆయన నన్ను మంచం మీద కూర్చోబెట్టి, "ఒక్క నిమిషం" అని సామాన్ల గదిలోకి వెళ్ళారు. ఎంతకీ రాలేదు. మెల్లగా లేచి వెళ్ళాను. నేల మీద కూర్చుని, ఒళ్ళో ఉన్న కీబోర్డు మీద చేతులు పెట్టి, ఏమీ నొక్కకుండా ఉన్నారు.

"ఊడ్చేసింది" అన్నారు. "నేను రాసిందే. నేనే..."

అప్పటికే నా మొహం చూసి ఆగిపోయారు. తిట్టడానికి నోరు తెరిచాను. ఊపిరి కోసం మెడ దగ్గర పెట్టిన రంధ్రంలోంచి గాలి వచ్చింది. అంతే వచ్చింది. అప్పటిదాకా నేను ఏడవలేదు. ఆస్పత్రిలోనూ ఏడవలేదు. ఆ గదిలో ఫ్యాన్ల చప్పుడు మధ్య నిలబడి ఏడిస్తే, నా ఏడుపు నాకే వినబడలేదు.

చెరిపినదాన్ని తిరిగి తెచ్చే దారులన్నీ ఆయన వెతికారు. పాతకాలం తిరిగే డిస్కులైతే ఏదో ఒకటి దొరికేదట. ఈ వేగం డిస్కులు చెరిపిన చోటును వెంటనే తుడిచేసి కూర్చుంటాయట. బంధువుల ఫోన్లన్నీ గాలించాం. ప్రతి వీడియోలోనూ ఫోను పట్టుకున్నది నేనే. "కాస్త దగ్గరికి జరగండి" అన్న మాట తప్ప నాదంటూ ఏమీ లేదు. వాయిస్ మెసేజీలు పెట్టేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చిరాకు. రాయడం వచ్చినవాళ్ళు రాయాలి గానీ అనేదాన్ని. అనుభవించాను.

దాంతో ఫోన్లో ఉచితంగా వచ్చే ఆడగొంతు ఒకటి పెట్టుకున్నాను. ఆ గొంతుకు సంతోషం తెలియదు, విచారం తెలియదు, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అసలే తెలియదు. మొదటిరోజు అత్తయ్య మంచం పక్కన కూర్చుని, "అత్తయ్యా, మందు వేసుకున్నారా?" అని టైపు చేశాను. ఆవిడ విని, తల పక్కకు వాల్చి, "ఎవరే ఇది, రైలు స్టేషన్లో చెప్పే పిల్లలా ఉంది? మందులు ఎన్నో నెంబరు ప్లాట్‌ఫారం మీదికి వస్తున్నాయట?" అన్నారు. ఆ రోజునుంచి దాని పేరు రైలమ్మాయి.

నన్ను నవ్వించడానికే అన్నారని నాకు తెలుసు. అన్నాక చెయ్యి చాపి నా మొహం తడిమారు. నేను నవ్వుతున్నానో లేదో ఆవిడకు తెలిసే దారి అదొక్కటే. అప్పటినుంచి నేను గదిలోకి రాగానే ఆవిడ చెయ్యి చాపేవారు, నేను నా చెయ్యి అందించేదాన్ని. నవల మాత్రం ఆపరేషన్ ముందు ఎక్కడ ఆగిందో అక్కడే ఆగింది. రైలమ్మాయి చదువుతుందంటే వద్దన్నారు. "మా వాడు నీ గొంతు చేసిపెడతానన్నాడుగా. వచ్చాకే వింటాను. తొందరేముంది?" అన్నారు. ఫైళ్ళు పోయిన సంగతి మేం ఆవిడకు చెప్పలేదు. ఆలస్యమవుతోందని మాత్రమే చెప్పాం.

మా ఆయన చిక్కిపోయారు. కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెడుతున్నట్టు కెలికేవారు. కొత్త లాప్‌టాప్ ప్రకటన వచ్చినా దాని చిప్పు ఏదని చూడటం లేదు. ఒకరోజు పలక తెచ్చి నా చేతిలో పెట్టి, "ఒక్కసారి తిట్టవే, నాకు తిన్నది వంటబట్టట్లేదు" అన్నారు. నేను రాశాను. పలక నిండా రాశాను. రాసినదాంట్లో ఒక దీర్ఘం తప్పుపడితే దిద్ది మరీ చూపించాను. ఆయన చదివి, "ఇది తిట్టులా లేదు. తీర్పులా ఉంది" అని పలక పక్కన పెట్టేశారు.

ఆ పాడైన ముక్కల సంగతి తర్వాత ఎప్పుడో గుర్తొచ్చింది. డ్రైవరు రాసిన మనిషి దగ్గరనుంచి ఆఫీసుకు జవాబు వచ్చిందట. మైకు లోపం కనిపెట్టాను, సరిచేశాను, మీరు పంపిన నమూనాలు బాగా ఉపయోగపడ్డాయి అని. నమూనాలు! మా ఆయన ఆఫీసు పని అక్కడికక్కడ వదిలేసి, ఆ ముక్కలన్నీ పట్టుకుని ఇంటికి పరిగెత్తుకొచ్చారు. గదిలో చదివిందంతా గరగరలో మునిగిపోయింది, కానీ గరగర లేని చోటల్లా నేనున్నాను. వరండాలో నిలబడి అరుస్తున్న నేను.

చాలా కొంచెమే ఉన్నా సరిపోతుందన్నారు. చుట్టాలందరినీ పనిలోకి దించారు. సామాన్ల గది మళ్ళీ వేడెక్కింది. ఆయన భోజనం కూడా బాగానే చేశారు. కొన్ని రోజులకు ఒక సాయంత్రం నా ఫోను నా చేతికిచ్చి, "ఏదో ఒకటి టైపు చెయ్" అని ఎదురుగా నిలబడ్డారు. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వెనక్కి కట్టుకున్నారు.

ఎన్నాళ్ళనుంచో చెప్పాలనుకున్నదే టైపు చేశాను. "పర్లేదండీ. మీ తప్పేం లేదు."

నా గొంతే. ఆ కొస విరుపు, ఆ 'అండీ' దగ్గర లేచే శ్రుతి, అన్నీ నావే. కానీ అది ఆ మాటను ఆయన మొహాన కొట్టింది. మైకు మళ్ళీ పాడైనప్పుడు నేనెలా లేచేదాన్నో అచ్చం అలాగే. ఉలిక్కిపడ్డాను. ఇంకోసారి చేశాను. "నాకు మీమీద కోపం లేదు." ఒంటికాలి మీద లేచింది.

ఆయన గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుని, మోకాళ్ళలో తల పెట్టుకుని భోరుమన్నారు. కాసేపటికి తలెత్తి, ముక్కు తుడుచుకుని, "ఇంకోసారి" అన్నారు. నేను మళ్ళీ నొక్కాను. మళ్ళీ తిట్లు తిన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. ఎన్నాళ్ళకో ఇల్లు ఇల్లులా అనిపించింది. ఆ సంబరంలో మాకు రావలసిన ఆలోచన రాలేదు.

మర్నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాక ఇద్దరం అత్తయ్య గదిలోకి వెళ్ళాం. "అమ్మా, నీ కోడలి గొంతు వచ్చింది" అన్నారాయన. ఆవిడ మొహం విప్పారింది. లేచి సర్దుకుని కూర్చుని, జుట్టు సవరించుకుని, నా కోసం చెయ్యి చాపారు. నేను కిటికీ పక్క కుర్చీలో కూర్చుని టైపు చేశాను. "అత్తయ్యా, నేనండీ. నవల చదవనా?"

ఆ గొంతు ఆవిడ మీద విరుచుకుపడింది.

చాపిన చెయ్యి గాల్లోనే ఆగింది. తర్వాత మెల్లగా వెనక్కి వెళ్ళి ఒళ్ళో చేరింది. ఆవిడ కాళ్ళు కూడా దగ్గరికి ముడుచుకున్నారు, దారికి అడ్డున్నవాళ్ళు తప్పుకున్నట్టు.

"వద్దులేమ్మా. నీకు ఇబ్బందైతే వద్దు" అన్నారు.

"అమ్మా, అది కోపం కాదు. అది మిషన్. మంచి రికార్డింగులు పోయాయి, నన్ను తిట్టినవే మిగిలాయి, అందుకని దానికి అలా మాట్లాడటమే వచ్చు" అని ఆయన గబగబా అంతా చెప్పేశారు. ఇన్నాళ్ళూ దాచిందంతా ఒక్క గుక్కలో.

ఆవిడ అంతా విన్నారు. "తెలుసురా. మిషనని నాకు తెలుసు" అన్నారు. కొంగు సర్దుకుంటూ, "కానీ గొంతు నా కోడలిదే కదా" అన్నారు.

ఆయన ఆ వారమంతా దానితో కుస్తీ పట్టారు. వేగం తగ్గించారు. శ్రుతి తగ్గించారు. నెమ్మదిగా పలికిస్తే పళ్ళు కొరుకుతూ తిడుతున్నట్టుంది. ఉన్నదాంట్లో మెత్తటి మాట ఒక్కటైనా ఉంటే దాన్నిబట్టి నేర్చుకునేదట. అత్తయ్య గది గుమ్మం లోపలి మనిషి ఒక్క ముక్కలో కూడా లేదు. చివరికి నేనే ఆయన చేతిమీద చెయ్యి వేసి, చాలించమన్నాను. ఆ గొంతు ఆయన దగ్గర వాడుకుంటాను. ఆయనకు అది అలవాటే, నాకూ అదే అలవాటు.

అత్తయ్య గదిలోకి మాత్రం మళ్ళీ రైలమ్మాయినే తీసుకెళ్ళాను. మంచం అంచున కూర్చుని, "మంచినీళ్ళు కావాలా అండీ?" అని టైపు చేశాను.

"వచ్చావా రైలమ్మాయీ" అన్నారావిడ. నీళ్ళ సంగతి ఎత్తలేదు. తడుముకుంటూ నా చెయ్యి వెతికి పట్టుకున్నారు. రెండు చేతులతో పట్టుకున్నారు.

"మా కోడలికి ఒక మాట చెప్తావా?" అన్నారు. మొహం నా వైపు లేదు, ఫోను ఉన్న వైపు ఉంది. "ఆ రోజు దాని గొంతు విని నేను బెదిరిపోయాను. అది చూసి ఉంటుంది. మనసులో పెట్టుకోవద్దని చెప్పు. ఇన్నేళ్ళూ నా దగ్గర అంత మెత్తగా మాట్లాడిందంటే, ఎంత కష్టపడి మాట్లాడిందో నాకేం తెలుసు? చూపు లేనిదాన్ని. అది దాని మామూలు గొంతే అనుకున్నాను."

కష్టపడలేదు అత్తయ్యా, ఒక్కరోజు కూడా కష్టపడలేదు, అదీ నా మామూలు గొంతే అని చెప్పాలి. ఏ గొంతుతో చెప్పను? నాది చెబితే తిట్టినట్టుంటుంది. ఇది చెబితే రైలు వచ్చినట్టుంటుంది. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. రెండో చేత్తో, ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ టైపు చేశాను.

"చెప్తానండీ" అంది రైలమ్మాయి.

"సరే అయితే, ఇంక నువ్వే చదువు" అన్నారు అత్తయ్య, గోడకు చేరగిలబడుతూ. "మా కోడలు ఎక్కడ ఆపిందో తెలుసా నీకు?"

"తెలుసండీ" అంది రైలమ్మాయి.